కాటు పడకముందే రేబీస్ టీకా: రెండు మోతాదులపై ఒక సమీక్ష

రేబీస్ టీకా అనగానే కుక్క కరిచాక హడావుడిగా ఆసుపత్రికి వెళ్లి వేయించుకునేదే అందరికీ గుర్తుకు వస్తుంది. అదే టీకాను ఏ జంతువూ కరవకముందే, వారం వ్యవధిలో రెండు మోతాదులుగా వేయించుకునే పద్ధతి ఒకటి ఉందని జంతువులతో పనిచేసేవారికి తప్ప మిగతావారికి పెద్దగా తెలియదు. గాయపడిన కుక్కలకు, పిల్లులకు కట్లు కట్టే ఒక ఆశ్రయంలో తీరిక వేళల్లో సాయం చేస్తుంటాను కనుక నేను ఈ ముందస్తు టీకా వేయించుకున్నాను. వేయించుకోవాలని ఆలోచిస్తున్నవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందు నిక్కచ్చిగా మంచిది, కానీ దాన్ని వేసే చోట, వివరించే తీరులో లోపాలున్నాయి. ఇది రేబీస్ నుంచి పూర్తి విముక్తిని ఇచ్చే టీకా కాదు. కాటు పడిన తర్వాత చేయవలసిన చికిత్సలో అన్నిటికన్నా కష్టమైన భాగాన్ని అక్కరలేకుండా చేసే ఏర్పాటు ఇది. ఈ తేడా తెలియకుండా వేయించుకున్నవారికి దీనివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరిగే ప్రమాదం ఉంది.

ఆ కష్టమైన భాగం ఏమిటో తెలియాలంటే వైరస్ నడకను కాస్త గమనించాలి. రేబీస్ వైరస్ రక్తంలో కలిసి ఒళ్లంతా పాకే రకం కాదు. కరిచిన జంతువు లాలాజలంతో పాటు గాయంలోకి చేరి, దగ్గరలోని నరాన్ని పట్టుకుని, మెల్లగా వెన్నుపాము మీదుగా మెదడుకు ప్రయాణిస్తుంది. దీనికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోనే లక్షణాలు కనిపించవచ్చు, ఒక్కోసారి ఏడాది దాకా ఆలస్యం కావచ్చు. ముఖం, మెడ, చేతివేళ్ల వంటి నరాలు దట్టంగా ఉన్న చోట్ల పడిన కాటు మరింత ప్రమాదకరం. మంచినీటి గ్లాసు చూస్తేనే గొంతు బిగుసుకుపోవడం, ఒంటికి గాలి తగిలినా ఉలిక్కిపడి విలవిల్లాడడం వంటి లక్షణాలు మొదలయ్యాక మరణం దాదాపు నిశ్చయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో చనిపోతున్నారు. ఈ మరణాల్లో 95 శాతం ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోనే జరుగుతున్నాయి. మనుషులకు సోకే రేబీస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తోంది. అనుమానాస్పద జంతువుల కాటుకు గురైనవారిలో దాదాపు 40 శాతం మంది 15 ఏళ్ల లోపు పిల్లలు.

ముందుగా టీకా వేయించుకోని వ్యక్తికి చర్మం చీలేలా కాటు పడిందనుకుందాం. గాయాన్ని కడగడంతో పాటు టీకా మోతాదులు మొదలుపెట్టాలి, పద్ధతిని బట్టి అవి వారం నుంచి నాలుగు వారాల దాకా సాగుతాయి. కానీ టీకా వల్ల శరీరం సొంతంగా ప్రతిరక్షకాలను, అంటే వైరస్‌ను అడ్డుకునే పదార్థాలను, తయారు చేసుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ లోగా వైరస్ నరంలోకి జారుకోకుండా ఎవరో ఒకరు కాపలా కాయాలి. అందుకోసం అప్పటికే తయారై ఉన్న ప్రతిరక్షకాలను, అంటే రేబీస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, గాయంలోనే నేరుగా ఎక్కిస్తారు. మనుషుల రక్తం నుంచి తీసినదైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రాల రక్తం నుంచి తీసినదైతే కిలోకు 40 యూనిట్లు లెక్క. ఇవి కాక ఈ మధ్య మోనోక్లోనల్ యాంటీబాడీలు, అంటే ప్రయోగశాలలో తయారు చేసిన ప్రతిరక్షకాలు, కూడా వచ్చాయి.

ఈ లెక్కను కాగితం మీద చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది. 60 కిలోల మనిషికి మనుషుల నుంచి తీసిన రకం 1,200 యూనిట్లు కావాలి. మిల్లీలీటరుకు 150 యూనిట్లున్న సీసాల్లోనుంచి తీస్తే అది 8 మిల్లీలీటర్లు. కాటు చూపుడువేలి కొసన పడితే ఆ మందును గాయం అంచుల వెంట, గాయం లోతుల్లోకి, వేలు పట్టినంత మేరకు సూదితో పలుమార్లు గుచ్చి నింపాలి. అప్పటికే వాచి సలుపుతున్న వేలు అది. ఎక్కువ ఒత్తిడితో ఎక్కిస్తే ఆ వేలికి రక్తప్రసారమే నిలిచిపోయే ప్రమాదం ఉంటుంది కనుక అనుభవమున్న చేయి కావాలి. ఆశ్రయంలో నాతో పనిచేసే ఒకరికి పిల్లి కరిచినప్పుడు ఈ తతంగాన్ని పక్కన నిలబడి చూశాను. టీకా సూదికి చెక్కుచెదరని మనిషి, ఇమ్యునోగ్లోబ్యులిన్ దగ్గర కుర్చీ అంచు పట్టుకుని పళ్లు బిగించారు. ఇక ఈ మందు అన్ని చోట్లా అన్ని వేళలా దొరకదు. మనిషి రక్తం నుంచి గానీ గుర్రం రక్తం నుంచి గానీ తీయవలసిన పదార్థం కావడంతో ప్రపంచమంతటా దీని కొరత ఉన్నది, కాటు పడ్డవారిలో చాలామందికి ఇది అందడమే లేదు.

ముందస్తు టీకా కొనిపెట్టేది సరిగ్గా ఈ ఘట్టం నుంచి మినహాయింపును. రెండు మోతాదులు పూర్తయిన వ్యక్తి రోగనిరోధక వ్యవస్థ ఆ వైరస్ రూపురేఖలను గుర్తుంచుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా కాటు పడితే, ఒక్క మోతాదు అందగానే కొద్ది రోజుల్లో ప్రతిరక్షకాలు పెద్ద ఎత్తున తయారవుతాయి. అందుకే అటువంటి వ్యక్తికి ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం లేదు. కాటు పడిన రోజున ఒక టీకా, మూడు రోజుల తర్వాత మరొకటి వేస్తే సరిపోతుంది. చర్మంలోకి వేసే పద్ధతిలో ఒకే రోజున నాలుగు చోట్ల వేసి ముగించే వెసులుబాటు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చింది. ఇమ్యునోగ్లోబ్యులిన్ దొరికే ఆసుపత్రి ఎక్కడుందో వెతుక్కునే గంటలు, వాచిన వేలిలోకి ఎక్కించే ఆ మిల్లీలీటర్లు, నాలుగు వారాల తిరుగుడు, ఇవన్నీ లెక్కలోంచి తొలగిపోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే కానీ, ఈ వ్యాధిలో ఆ ఆకులు దొరకని చోట్లే ఎక్కువ.

ఇప్పుడు వేయించుకున్న అనుభవానికి వస్తాను. నేను వెళ్లిన టీకా కేంద్రంలో మొదటి అడ్డంకి సూది కాదు, రిజిస్టరు. వచ్చినవారి పేరు తర్వాత గడుల్లో కరిచిన జంతువు, కరిచిన తేదీ, శరీరంలో కరిచిన భాగం అని ఉన్నాయి. ఏదీ కరవలేదు, కరవకముందే వేయించుకోవడానికి వచ్చాను అని చెబితే అక్కడి ఉద్యోగి నన్ను కాస్త అనుమానంగా చూసి, కరవనిదే టీకా ఎందుకండీ అని అడిగారు. ఆ గడులు ఖాళీగా వదిలేస్తే తర్వాత లెక్క తేలదట. చివరకు లోపలి నుంచి డాక్టరుగారు వచ్చి, ముందస్తు మోతాదు అని అడ్డంగా రాయించారు. చిన్న విషయమే అయినా, ఈ సేవను అందించే చోటికే ఈ సేవ గురించి పూర్తిగా తెలియకపోవడం మనం గమనించవలసిన లోపం. మీరు వెళ్లే ముందు ఫోన్ చేసి, కాటు లేకుండా వేస్తారా, ఏ పద్ధతిలో వేస్తారు అని కనుక్కోవడం మంచిది.

పద్ధతులు రెండు. కండరంలోకి వేస్తే ఒక్కో మోతాదుకు ఒక పూర్తి సీసా. చర్మపు పొరల్లోకి వేస్తే ఒక్కో చోట 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు భుజాల మీదా ఒక్కొక్కటి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన సిఫారసు ప్రకారం ఏ పద్ధతిలోనైనా మొదటి రోజున ఒకసారి, ఏడు రోజుల తర్వాత ఒకసారి వేస్తే ముందస్తు కోర్సు పూర్తయినట్టే. నేను చర్మంలోకి వేసే పద్ధతినే ఎంచుకున్నాను, అందులో మందు తక్కువ పడుతుంది, ఒకే సీసాతో పలువురికి వేయవచ్చు. కానీ అది వేసేవారి చేతి నేర్పును పరీక్షించే పద్ధతి. సూది చర్మానికి దాదాపు సమాంతరంగా, మొన మాత్రమే పైపొర కిందికి వెళ్లాలి. మందు ఎక్కుతుండగా అక్కడి చర్మం తెల్లబడి, సూక్ష్మరంధ్రాలు స్పష్టంగా కనిపించేలా నారింజ తొక్కలా చిన్న బుడిపె లేవాలి. బుడిపె లేవకపోతే సూది లోతుకు దిగిందని అర్థం, ఆ మోతాదును పక్కనే మళ్లీ వేయాలి. నా ఎడమ భుజం మీద బుడిపె చక్కగా లేచింది, కుడి భుజం మీద లేవలేదు. నర్సమ్మ తనకు తానే చూసుకుని, సరిగా పడలేదండీ, ఇంకోసారి వేస్తాను అని చెప్పి వేశారు. ఆ ఒక్క మాటకు ఈ కేంద్రానికి నేను మంచి మార్కులు వేస్తాను. చూసీచూడనట్టు దూది అద్ది పంపేస్తే నాకు తెలిసేది కాదు.

కండరంలోకి వేయించుకునేవారు గమనించవలసింది ఒకటే. పెద్దలకైతే భుజం కండరం, రెండేళ్ల లోపు పిల్లలకైతే తొడ ముందు పక్క భాగం. పిరుదులో ఎప్పుడూ వేయకూడదు, అక్కడి కొవ్వు పొరలో మందు చిక్కుకుని ప్రతిరక్షకాలు తక్కువగా తయారవుతాయి. ఎవరైనా అలవాటు కొద్దీ పక్కకు తిరగమంటే మర్యాదగానే వద్దని చెప్పండి.

మందు గురించి మరికాస్త చెప్పాలి. రేబీస్ టీకా ఎండబెట్టిన పొడి రూపంలో చిన్న సీసాలో వస్తుంది, దానితో పాటు ఇచ్చిన ద్రవాన్ని కలిపి వాడాలి. కలపకముందు దాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. కలిపిన సీసాను చర్మంలోకి వేసే పద్ధతిలో పలువురికి వాడితే, చల్లగానే ఉంచి 6 నుంచి 8 గంటల లోగా ఖాళీ చేయాలి, మిగిలింది పారేయాలి. అందుకే చాలా కేంద్రాలు నలుగురైదుగురు పోగయ్యే రోజున రమ్మంటాయి. రెండో మోతాదుకు నన్ను కూడా ఇలాగే ఒకరోజు వెనక్కి జరగమన్నారు. దానివల్ల నష్టం లేదు కనుక ఒప్పుకున్నాను, వారం కన్నా కొద్దిగా ఆలస్యమైనంత మాత్రాన కోర్సు మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. అయితే రెండోసారి అసలు వెళ్లకుండా ఆగిపోవడం వేరే సంగతి. ఒక్క మోతాదు మాత్రమే తీసుకున్న వ్యక్తి వీలైనంత త్వరగా, ఏడాది లోగా, రెండోది పూర్తి చేయాలి. ఈ మధ్యలో కాటు పడితే అసలు టీకాయే వేయించుకోనట్టు లెక్కగట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో సహా పూర్తి చికిత్స చేస్తారు. అంటే సగం కోర్సుకు ఆ మినహాయింపు వర్తించదు.

నాకు అన్నిటికన్నా అసంతృప్తి కలిగించింది కార్డు. మొదటిసారి నా చేతికిచ్చిన కాగితం మీద రేబీస్ టీకా, ఒక తేదీ, ఒక అర్థం కాని సంతకం తప్ప ఏమీ లేవు. టీకా ఏ కంపెనీది, ఏ బ్యాచ్, చర్మంలోకా కండరంలోకా, కాటుకు ముందా తర్వాతా అన్నవి ఏవీ రాయలేదు. ఇది గుమస్తాగిరీ పట్ల చాదస్తం కాదు. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో, నన్నెరుగని డాక్టరు ముందు గాయంతో కూర్చున్నప్పుడు, నాకు ఇమ్యునోగ్లోబ్యులిన్ వేయాలా వద్దా అని ఆయన నిర్ణయించేది నా మాటను బట్టి కాదు, నా దగ్గరున్న ఆధారాన్ని బట్టి. పూర్తి కోర్సు తీసుకున్నట్టు రుజువు లేకపోతే టీకా వేయించుకోనివారి కిందే చూడడం సరైన వైద్య పద్ధతి, నేను ఆ డాక్టరు స్థానంలో ఉన్నా అదే చేస్తాను. కాబట్టి సూది ఎంత ముఖ్యమో ఆ కాగితమూ అంతే ముఖ్యం. రెండోసారి వెళ్లినప్పుడు వివరాలన్నీ పట్టుబట్టి రాయించుకున్నాను. రాసినవారు విసుక్కోలేదు కానీ, ఇన్ని వివరాలు ఇంతవరకు ఎవరూ అడగలేదండీ అన్నారు. కార్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచాను, ఎందుకంటే కాటు పడేది నాకు, కంగారులో కాగితం వెతికేది బహుశా ఇంకొకరు.

దుష్ప్రభావాల విషయంలో చెప్పుకోవడానికి పెద్దగా లేదు. సూది పడిన చోట నొప్పి, ఎరుపు, కొద్దిపాటి వాపు వేయించుకున్నవారిలో మూడోవంతుకు పైగా కనిపిస్తాయి. జ్వరం, తలనొప్పి, వికారం వంటివి కొద్దిమందికే వచ్చి తగ్గిపోతాయి. నాకు బుడిపెలు లేచిన చోట దురద కొన్నాళ్లు ఉండి పోయింది. పాతకాలంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే మాట విని భయపడేవారు ఇంకా ఉన్నారు, ఆ మాట అబద్ధం కాదు, కానీ అది వేరే మందు. లూయీ పాశ్చర్ 1885 జులైలో తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు వేసినది కుందేలు వెన్నుపామును ఎండబెట్టి చేసిన మందు. తర్వాత దశాబ్దాల పాటు గొర్రె మెదడు కణజాలంతో తయారైన టీకాలు వాడారు. వాటిలోని నాడీకణాల పదార్థం కొందరిలో పక్షవాతం వంటి తీవ్రమైన సమస్యలకు దారితీసేది. ఇప్పుడు వాడేవి ప్రయోగశాలలో పెంచిన కణాల మీద వైరస్‌ను పెంచి, రసాయనంతో నిర్జీవం చేసి, శుద్ధి చేసినవి. మనిషి కణాల మీద పెంచిన రకం, కోడిపిండం కణాల మీద పెంచిన రకం, వీరో కణాల (కోతి మూత్రపిండం నుంచి వచ్చిన కణాలు) మీద పెంచిన రకం అని మూడు ప్రధానంగా దొరుకుతాయి. వీటిలో ఏది గొప్పదని నన్ను అడుగుతుంటారు. కండరంలోకి వేసే ఒక్క మోతాదులో కనీసం 2.5 అంతర్జాతీయ యూనిట్ల శక్తి ఉండాలన్న ప్రమాణాన్ని దాటిన ఆధునిక టీకా ఏదైనా పనిచేస్తుంది, బ్రాండు కోసం తేదీ వాయిదా వేసుకోవడం తెలివి కాదు. మొదటిసారి వేసిన రకం దొరక్కపోతే రెండోసారి మరో రకంతో పూర్తి చేసినా ఫరవాలేదు. గుడ్డు పడనివారు మాత్రం కోడిపిండం కణాల రకం గురించి డాక్టరుతో ముందే చెప్పాలి.

ఇక ఈ టీకా చేయనిది ఏమిటన్నది. వేయించుకున్నాం కదా అని కాటును తేలిగ్గా తీసుకుంటే ఇది కాపాడదు. 1983లో కెన్యాలో పనిచేస్తున్న పీస్ కోర్ (ఇతర దేశాలకు సేవకులను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాలంటీరు ఒకరు ముందస్తు టీకా తీసుకుని ఉండి కూడా, కుక్కపిల్ల కరిచిన తర్వాత మళ్లీ మోతాదులు వేయించుకోకపోవడంతో రేబీస్ సోకి చనిపోయారు. ఈ ఒక్క ఉదంతం టీకా చేతగానితనానికి రుజువు కాదు, దాని హద్దుకు రుజువు. ముందస్తు మోతాదులు తీసుకున్నవారు కూడా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, పొవిడోన్ అయొడిన్ వంటిది రాయాలి, ఆ తర్వాత రెండు మోతాదులూ వేయించుకోవాలి. పదిహేను నిమిషాలు అంటే చాలామంది అనుకునే దానికన్నా చాలా ఎక్కువ సేపు. గడియారం చూస్తూ కడిగితే తప్ప అంతసేపు కడగరు. నేను వెళ్లిన కేంద్రంలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. టీకా పడింది, ఇక భయం లేదు, వెళ్లిరండి అన్నారు. మంచి ఉద్దేశంతో అన్న ఆ మాటే ఈ సేవలో అన్నిటికన్నా హానికరమైన భాగమని నా అభిప్రాయం.

ఎవరికి అవసరం అన్న ప్రశ్నకు నా జవాబు, అందరికీ కాదు అన్నదే. పశువైద్యులు, వారి సహాయకులు, జంతు ఆశ్రయాల్లో పనిచేసేవారు, అటవీ జంతువులను పట్టేవారు, రేబీస్ వైరస్‌తో నేరుగా పనిచేసే ప్రయోగశాల సిబ్బంది వేయించుకోకపోతే అది నిర్లక్ష్యమే. గబ్బిలాలుండే గుహల్లో తిరిగేవారు కూడా ఈ జాబితాలోనివారే. గబ్బిలం పంటిగాటు చాలా చిన్నది కావడంతో కరిచిన సంగతే తెలియకుండా పోవచ్చు, తెలియని కాటుకు చికిత్స తీసుకునేవారు ఎవరు? ఇమ్యునోగ్లోబ్యులిన్ దొరికే చోటికి చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టే మారుమూల ప్రాంతాలకు వెళ్లి ఎక్కువ కాలం ఉండేవారికీ ఇది విలువైనదే. పెరూలోని అమెజాన్ ప్రాంతంలో రక్తం పీల్చే గబ్బిలాల బెడద ఉన్న గ్రామాల్లో ఈ ముందస్తు టీకాను ప్రజలకు సామూహికంగా వేశారు. పిల్లల విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. వారు జంతువుల దగ్గరకు జంకు లేకుండా వెళతారు, కాటు పడినా తిడతారన్న భయంతో దాస్తారు, ఎత్తు తక్కువ కనుక గాయాలు ముఖానికీ మెడకూ దగ్గరగా పడతాయి. కుక్కకాట్లు ఎక్కువగా ఉండి, ఆసుపత్రి దూరంగా ఉన్న చోట పెరిగే పిల్లలకు నేనైతే వేయించమనే చెబుతాను. అన్ని సదుపాయాలూ ఉన్న ఆసుపత్రికి గంటలో చేరగలిగి, జంతువులతో ప్రత్యేకంగా పని లేని పెద్దవారు మాత్రం తప్పనిసరిగా వేయించుకోవలసిన అవసరం లేదు.

ఇంకొక వర్గం ఉంది. గతంలో ఎప్పుడో కాటు పడి, ఆధునిక టీకాతో పూర్తి కోర్సు వేయించుకున్నవారు ఈ ముందస్తు సేవకు విడిగా వెళ్లనక్కరలేదు. తగిన ఆధారం ఉంటే వారిని కూడా టీకా పొందినవారిగానే చూస్తారు. ఆనాటి చీటీ అల్మరాలో ఎక్కడుందో వెతికి పెట్టుకోవడమే వారు చేయవలసిన పని. పెంపుడు కుక్కకు టీకాలన్నీ వేయించాం కనుక మాకెందుకు అనేవారికి కూడా ఒక మాట. మీ కుక్కకు వేయించడం తప్పకుండా చేయవలసిందే, నిజానికి ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా అందితే అక్కడ వ్యాధి చక్రం తెగుతుందన్నదే రేబీస్ నిర్మూలన ప్రయత్నాలకు ఆధారం. కానీ ఆశ్రయానికి వచ్చే జంతువు టీకా చరిత్ర ఎవరికీ తెలియదు, నా పని దానితోనే.

మూడో మోతాదు గురించి గందరగోళం ఉంది. చాలాకాలం పాటు ఈ కోర్సు మొదటి రోజు, దానికి ఏడు రోజుల తర్వాత, 21 లేదా 28 రోజుల తర్వాత అని మూడు మోతాదులుగా ఉండేది, కొన్ని తయారీ సంస్థల కరపత్రాల్లో ఇప్పటికీ అలాగే ఉంది. 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు చాలంటోంది. అమెరికాలో 2022లో మార్చిన సిఫారసులు కూడా రెండింటినే మూలంగా తీసుకున్నాయి, అయితే మూడేళ్లకు మించి ముప్పు కొనసాగే వారిలో చాలామందికి 21 రోజుల నుంచి మూడేళ్ల మధ్య మూడో మోతాదు గానీ, రక్తపరీక్ష గానీ సూచించాయి. మూడు మోతాదులు వేసే డాక్టరు పాతకాలపు మనిషి అనుకోనక్కరలేదు, రెండే వేసే డాక్టరు పొదుపు చేస్తున్నాడనీ అనుకోనక్కరలేదు. ఆశ్రయంలో నా పని ఏళ్ల తరబడి సాగేదే కనుక నాకు మాత్రం రక్తపరీక్ష మార్గమే నచ్చింది.

రోగనిరోధక శక్తి తగ్గినవారి విషయంలో ఈ వెసులుబాట్లు వర్తించవు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, రోగనిరోధక వ్యవస్థను అణచే మందులు వాడేవారు ముందస్తుగా మూడు మోతాదులు తీసుకోవాలి. కాటు పడినప్పుడు వారికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు. మలేరియా నివారణకు క్లోరోక్విన్ వాడుతున్నవారిలో చర్మంలోకి వేసే టీకాకు స్పందన తగ్గినట్టు గతంలో తేలింది కనుక, ప్రయాణానికి ముందు వేయించుకునేవారు ఆ మాత్రలు మొదలుపెట్టకముందే టీకా కోర్సు ముగించడం మేలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముప్పు ఉంటే నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు.

మూడో మోతాదుకు బదులు నేను ఎంచుకున్న ఆ రక్తపరీక్షలో చూసేది వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాల స్థాయిని. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటే తగిన స్పందన ఉన్నట్టు, అంతకన్నా తక్కువైతే ఒక బూస్టరు వేయించుకోవాలి. వైరస్‌తో నేరుగా పనిచేసే ప్రయోగశాల సిబ్బంది ఆరు నెలలకోసారి, తరచూ ముప్పు ఎదురయ్యే పశువైద్యుల వంటివారు రెండేళ్లకోసారి చేయించుకోవడం పద్ధతి. ఈ పరీక్ష సాధారణ ల్యాబుల్లో జరగదు, నమూనాను ప్రత్యేక ప్రయోగశాలకు పంపాలి, ఫలితానికి వేచి ఉండాలి. నేను వెళ్లిన కేంద్రానికి నమూనా పంపే ఏర్పాటు లేదు, ఎక్కడ చేస్తారో చెప్పగలిగినవారూ లేరు. మొత్తం మీద మందుకు అయిదుకు అయిదు, వేసిన చేతికి నాలుగున్నర, కాగితాల పనికీ ఇచ్చిన సలహాలకూ కలిపి రెండు మార్కులు ఇస్తాను. అయినా ఆశ్రయంలో కొత్తగా చేరే ప్రతి ఒక్కరినీ అక్కడికే పంపుతున్నాను, కార్డు మీద ఏమేం రాయించుకోవాలో ఒక చీటీ చేతికిచ్చి మరీ.